ముక్కు ఒప్పుకున్నాకే మంట

తిరుపతి నుంచి రేణిగుంటకి వెళ్లే రోడ్డులో, పంచర్ల కొట్టుకీ కుప్పమ్మ ఇడ్లీ బండికీ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, గాలివానకి ఎగిరిపోయింది. అది శ్రీకాళహస్తి దాకా ఎగిరి వెళ్లిందనీ, అక్కడెవరో దాన్ని కోళ్ల గూటికి తలుపుగా బిగించుకున్నారనీ చెప్పేవాళ్లున్నారు. బోర్డు పోయినా వచ్చేవాళ్లు మానలేదు. కారుదైనా, మోటారు సైకిలుదైనా, చిల్లుపడ్డ పెట్రోలు ట్యాంకుకి మాటు వేయించాలంటే ఆ చుట్టుపక్కల ఏబెల్ ఒక్కడే దిక్కు.

ఏబెల్‌కి అరవై రెండేళ్లు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. మొహంలో మొదట కనిపించేది ముక్కు. ఆ ముక్కు గురించి రేణిగుంట రోడ్డులో చెప్పుకునే కథల్లో సగం నమ్మినా చాలు, మనిషికి వేరే ఆస్తి అక్కర్లేదు. అలిపిరిలో నిలబడి, కొండ దిగి వచ్చే జీపు పెట్రోల్లో కిరసనాయిలు ఎన్ని గ్లాసులు కలిపారో చెప్పేవాడట. దామలచెరువు మండీ నుంచి మామిడికాయల లారీ వెళ్తుంటే, కళ్లు మూసుకుని, అందులో బేనీషా ఎన్ని గంపలో, నీలం ఎన్ని గంపలో, అడుగున దాచిన కుళ్లుకాయలు ఎవరి తోటవో చెప్పేవాడట. ఏబెల్ సైకిలెక్కి ఇటు వస్తున్నాడని తెలిస్తే ఒక బంకు యజమాని ఆ పూటకి బంకు మూసేసి తిరుమల దర్శనానికి వెళ్లిపోయేవాడట. అలా ఒకే ఏడాదిలో ఆయనకి నలభై దర్శనాలయ్యాయి. ఆ పుణ్యంలో ఏబెల్ వాటా ఎంతన్నది ఎవరూ తేల్చలేదు.

పెళ్లిచూపులకి చిత్తూరు వెళ్లినప్పుడు, పిల్ల ఇంకా లోపలి గది దాటకముందే, "పొద్దున చింతపండు పిసికింది, గోరింటాకు పెట్టుకోని మూడు దినాలయింది, రవంత జొరం గూడా ఉండాది" అన్నాడు. పిల్ల తండ్రి లోపలికి వెళ్లి నుదురు పట్టి చూస్తే వెచ్చగానే ఉంది. పిల్ల బయటికి వచ్చి, "ముక్కుతో పెండ్లి చేసుకునేటోనికి మొగం చూపించేది యాలప్పా" అంది. ఆ పిల్ల పేరు స్టెల్లా. ఏబెల్ అక్కడికక్కడే సరేనన్నాడు.

ఈ కథల్లో కల్తీ ఎంతో ఎవరికీ తెలియదు. ఆ ముక్కే లేకపోతే ఏబెల్ ముప్పయ్యో ఏటికే పోయి ఉండేవాడన్నది మాత్రం కల్తీ లేని మాట.

అతనికి పని నేర్పినవాడు మునస్వామి. పదిహేనేళ్ల కిందట పోయాడు. ట్యాంకుల పనిలో మొదటి పాఠం ఆయన ఇలా చెప్పేవాడు. "ఒరే, నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు చెడ్డది. పెట్రోలు మండుతాది, దాని ఆవిరి పేల్తాది. మండేదానికి దండం పెట్టి పరిగెత్తొచ్చు. పేలేదానికి దండం పెట్టేకి చేతులు మిగలవు." అందుకని ట్యాంకు రాగానే రోడ్డుకి దూరంగా, పొయ్యికి దూరంగా తీసుకెళ్లి చివరి చుక్క దాకా వంచాలి. వేడినీళ్లలో సోడా కలిపి మూడుసార్లు కడగాలి. ఆ తర్వాత మూత తీసి, ఊపిరి బెజ్జం కూడా తెరిచి, గాలి ఒక వైపు దూరి ఇంకో వైపు బయటికి వచ్చేలా ఎండలో పెట్టాలి. పూటకోసారి తిరగేయాలి. ఎన్నాళ్లు అని అడిగితే మునస్వామి తన ముక్కు పట్టుకుని చూపించేవాడు.

"ఇది ఒప్పుకున్నాకే మంట. అది గూడా మాటేసే కడ్డీ పట్టుకునేవాని ముక్కే కావాల. పక్కోని ముక్కును నమ్మితే, పేలినప్పుడు పక్కోనికి ఏం పోతాది?"

పుత్తూరు రోడ్డులో ఎల్లప్ప అని ఒకడుండేవాడు. అతనికి ఇంత ఓపిక లేదు. నడుస్తున్న లారీ సైలెన్సర్‌కి గొట్టం తగిలించి, ఆ పొగని ట్యాంకులోకి పట్టి, ఆవిరి పారిపోయిందని మాటు వేసేవాడు. పన్నెండు ట్యాంకులకి ఆ తంత్రం పనిచేసింది. పదమూడోదాని పైరేకు టెంకాయచెట్టెక్కింది. ఎల్లప్ప కనుబొమ్మలు మళ్లీ మొలవలేదు, చెవులు పోయాయి. ఇప్పటికీ ఎవరు పలకరించినా, "ఏంది, మళ్లా పేలిందా?" అని అడుగుతాడు.

నాలుగేళ్ల కిందట, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ఏబెల్‌కీ స్టెల్లాకీ ఒకే వారంలో జ్వరం తగిలింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. మూడో వారంలో ఏబెల్ షెడ్డు తెరిచి, ఒక స్కూటర్ ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టాడు. ఏమీ లేదు. పెట్రోలు సీసా మూత తీశాడు. ఏమీ లేదు. ఆసిడ్ సీసా తీశాడు. కళ్లల్లో నీళ్లొచ్చాయి గాని వాసన రాలేదు. కుప్పమ్మ బండి మీద తాలింపు వేస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఆవాల చప్పుడు వినిపించింది, అంతే.

ఇంటికి వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు లేవలేదు. మూడో రోజు స్టెల్లా తలదగ్గర కూర్చుంది.

"నా ముక్కు తిరిగొచ్చిందబ్బా" అంది. "పొద్దున కాఫీ పొడి డబ్బా తెరిస్తే గుమ్మన్నది. నీది గూడా వస్తాది. వచ్చిందాకా నాది వాడుకో."

అతనిది రాలేదు. నెల చూశాడు, ఏడాది చూశాడు. ఒక డాక్టరు నాలుగు సీసాలిచ్చి పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నాడు. ఏ సీసాలో ఏముందో మర్చిపోయేదాకా చూశాడు. ఈలోగా షెడ్డు నడిచింది స్టెల్లా ముక్కు మీదే. మునస్వామి చెప్పిన రెండో మాట తప్పుతున్నానని ఏబెల్‌కి తెలుసు. అయితే పక్కోని ముక్కు వేరు, పెళ్లాం ముక్కు వేరు అని సమాధానం చెప్పుకున్నాడు. చేతికి వచ్చిన పని ఇదొక్కటే. ముక్కు పోయిందని బయటికి పొక్కితే ట్యాంకు తెచ్చేవాడుండడు.

అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పదకొండు గంటలకి స్టెల్లా కాఫీ ఫ్లాస్కు తీసుకుని వస్తుంది. ఎండలో పెట్టిన ట్యాంకు పక్కన ఏదో వెతుకుతున్నట్టు వంగుతుంది. లేచి, "కాఫీ కాలతా ఉండాది, నిదానంగా తాగు" అంటే ఇంకా ఆవిరి ఉందని. "కాఫీ ఆరిపోతాది, బిన్నా తాగు" అంటే కుంపటి రాజేసుకోవచ్చని. నాలుగేళ్లలో ఒక్క ట్యాంకు కూడా బుస్సుమనలేదు. చూసేవాళ్లు మాత్రం, ఈ వయసులో మొగుడికి కాఫీ చల్లారిపోతుందని అంత బెంగపడే ఆడమనిషిని చూడలేదని మెచ్చుకునేవాళ్లు.

ఇలా నడుస్తుండగా, మొన్న చలికాలం పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక సోమవారం పొద్దున చిత్తూరు నుంచి లారీ మీద ఒక కారు వచ్చింది. స్టాండర్డ్ హెరాల్డ్, 1966 నాటిది. మద్రాసులో తయారైంది. రంగు ఒకప్పుడు పాలమీగడ రంగు. యజమాని బాలచంద్ర చిత్తూరులో బెల్లం మండీ వ్యాపారి. తెల్ల చొక్కా, వేలికి ఉంగరాలు, మాటల్లో తొందర.

"మా నాయన కారిది" అన్నాడు బాలచంద్ర. "ఆదివారం తిరుపతిలో పాత కార్ల ఊరేగింపు ఉండాది. పేరిచ్చేసినాను. ఈ సనివారానికి ఇది నడవాల."

"ఏమి రోగం సార్?"

"చిత్తూరు నుంచి కాణిపాకం పొయ్యేలోపల మూడుసార్లు నిలిచిపోతాది. పెట్రోలు మూత తీసి రవంత సేపుంటే మళ్లా కదుల్తాది. మా నాయన బతికినన్నాళ్లూ, వినాయకుడు నిలబెడతా ఉండాడు, ఏదో తప్పు చేసినామని నిలిచినచోటల్లా టెంకాయ కొట్టేవాడు. ఆ దావలో నేను తిన్న టెంకాయ చిప్పలు ఇంకెవరూ తినుండరు. ఇప్పుడు పెట్రోలు గూడా కారతా ఉండాది."

ఏబెల్ డిక్కీ తెరిచాడు. హెరాల్డ్‌కి ట్యాంకు డిక్కీలోనే, ఒక పక్కగా ఉంటుంది. చేత్తో తడిమాడు. ట్యాంకు రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి ఉంది, నెల రోజులు పస్తున్న మనిషి దవడల్లా. కింది అతుకు జానెడు పొడవున చిట్లింది. మూత తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మూత మీద పసుపు, దాని మీద గంధం, దాని మీద కుంకుమ, మళ్లీ పసుపు. గోరుతో గీకితే పెచ్చులుగా ఊడింది.

"ఇది ఎవరు పెట్టినారు సార్?"

"ఆయుధపూజకు మా అమ్మ పెట్టేది. ఇప్పుడు మా ఇంట్లోవాళ్లు పెడతారు. నాలుగు చక్రాలకు, స్టీరింగుకు, బానెట్‌కు, మూతకు. యాల, పెట్టగూడదా?"

"పెట్టొచ్చు. వినాయకుడిని ఊరికే అనినారు మీ నాయన" అన్నాడు ఏబెల్. మూతకి సూదిమొనంత బెజ్జం ఉంటుందనీ, ఇంజను పెట్రోలు పీల్చుకునే కొద్దీ ఆ జాగాలోకి గాలి ఆ బెజ్జంలోంచే దూరాలనీ చెప్పాడు. అరవై ఏళ్ల బొట్లకి అది మూసుకుపోయింది. లోపల గాలి లేక పెట్రోలు కదలదు, కారు నిలుస్తుంది. మూత తీస్తే బుస్సుమని ఊపిరి పీల్చుకుని మళ్లీ కదులుతుంది. ఇంజను పీల్పుకే ట్యాంకు రేకు లోపలికి పీక్కుపోయి, అతుకు చిట్లింది.

ట్యాంకు నెత్తిమీద గుండ్రంగా నల్లటి లప్పం ముద్ద ఒకటి కనిపించింది. "ఇదేంది?"

"ముందర ఒక మెకానిక్కు ఆడ బొక్క పెట్టినాడు, గాలి ఆడేకి. డిక్కీ అంతా పెట్రోలు కంపు. మా ఇంట్లోవాళ్లు వాంతులు చేసుకునినారు. ఇంకో మెకానిక్కు వచ్చి మూసినాడు."

"మొదటివాడు బొక్క పెట్టినాడు గాని దానికి గొట్టం పెట్టలేదు సార్. ఆవిరి డిక్కీలో నిండితే ఒక్క నిప్పురవ్వ చాలు. బొక్కకు గొట్టం తగిలించి, డిక్కీ నెత్తి దాకా ఎత్తి, మళ్లా కిందికి దించి, కారు అడుగున బయటికి వదలాల. సైలెన్సర్‌కు దూరంగా. అప్పుడు కంపూ ఉండదు, కారూ నిలవదు."

"ఇంత చిన్నదానికా మా నాయన అన్ని టెంకాయలు కొట్టింది" అన్నాడు బాలచంద్ర. "సరే, చెయ్యి. సనివారం."

గొట్టం పని గంటలో అయిపోయేది. చిట్లిన అతుకు అలాంటిది కాదు. చిన్న చిల్లయితే ట్యాంకు నిండా నీళ్లు పోసి, ఆవిరికి జాగా లేకుండా చేసి మాటు వేయొచ్చు. జానెడు అతుక్కి అలా కుదరదు; రేకు వెనక నీళ్లుంటే వేడినంతా నీళ్లే తాగేస్తాయి, మాటు సీసం కరిగి పట్టదు. పొడి ట్యాంకుకే నిప్పు చూపించాలి.

సోమవారమే ట్యాంకు ఊడదీసి, షెడ్డు వెనక ఖాళీ జాగాలో వంచాడు. పెట్రోలుతో పాటు తుప్పు, జిగురు, ఎప్పటిదో ఒక అగ్గిపుల్ల పడ్డాయి. సోడా నీళ్లతో మూడుసార్లు కడిగాడు. లప్పం గీకి బొక్క తెరిచాడు. సూదితో మూత బెజ్జం పొడిచాడు. నోరు పైకీ, బొక్క పక్కకీ ఉండేలా ఇటుకల మీద పెట్టాడు.

మంగళవారం స్టెల్లా వంగి చూసి, "కాఫీ కాలతా ఉండాది" అంది. బుధవారం మబ్బు పట్టింది. ఆ రోజూ కాలుతూనే ఉంది. గురువారం ఎండ బాగా కాసింది. అయినా కాలుతూనే ఉంది.

శుక్రవారం పదిన్నరకి బాలచంద్ర వచ్చాడు. ట్యాంకు ఇటుకల మీద ఎలా ఉన్నది అలాగే ఉండటం చూశాడు.

"ఏం ఏబెలూ, ఐదు దినాలుగా వడియాలు ఎండబెట్టినట్టు ఎండబెడతా ఉండావా?"

"ఆవిరి పోవాల సార్."

"మా చిత్తూరులో ఒకడు గంటలో చేసిస్తానన్నాడు. పెట్రోలు వంచేది, మాటేసేది. అంతే. నీ పేరు విని ఈడికి తెచ్చినాను."

"వాని ఊరు చెప్పండి, ఆ దావలో పోకుండా ఉంటాను" అన్నాడు ఏబెల్.

బాలచంద్ర నవ్వలేదు. "మద్దేనం లోపల మొదలుపెట్టకుంటే ట్యాంకు ఎత్తుకోని పోతాను" అని, ఫోను చెవికి పెట్టుకుని రోడ్డువైపు నడిచాడు.

పదకొండింటికి స్టెల్లా వచ్చింది. వస్తూ బాలచంద్రని చూసింది. ట్యాంకు దగ్గర వంగింది. ఎప్పటికంటే కాసేపు ఎక్కువే వంగింది. లేచి కొంగుతో మొహం తుడుచుకుంది.

"కాఫీ ఆరిపోతాది" అంది. "బిన్నా తాగు."

ఏబెల్ కాఫీ తాగి, ట్యాంకుని షెడ్డులోకి మోసుకొచ్చి బల్ల మీద బోర్లించాడు. అతుకు పొడవునా గీకి ఆసిడ్ పూశాడు. కుంపటిలో బొగ్గులు వేసి విసిరాడు. రాగి మొన ఉన్న కడ్డీని నిప్పుల్లో గుచ్చాడు. మొన ఎర్రబడుతుండగా బాలచంద్ర లోపలికి వచ్చి, సంతోషంగా బల్ల మీదికి వంగి, వెంటనే చొక్కా చేతిని ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బా. ఇంకా గుప్పున కొడతా ఉండాదే. ఈ కంపులోనా నువ్వు నిప్పు పెట్టేది?"

ఏబెల్ చేయి కడ్డీ మీదే ఉంది. అతను స్టెల్లా వైపు చూశాడు. స్టెల్లా ఫ్లాస్కు మూత బిగిస్తోంది. బిగిసిపోయిన మూతనే ఇంకా తిప్పుతోంది.

ఏబెల్ కడ్డీ వదిలేసి, కుంపటిని రెండు చేతులా ఎత్తి, పరుగున రోడ్డు దాకా తీసుకెళ్లి కాలువలో బోర్లించాడు. చేతులు కాలాయి. తిరిగి వచ్చి ట్యాంకు ఎత్తి మళ్లీ ఎండలో పెట్టాడు. ఇటుకల మీద పెడుతుంటే లోపల ఎక్కడో చిన్నగా నీళ్లు కదిలిన చప్పుడైంది. హెరాల్డ్ ట్యాంకులో అడుగున రిజర్వు గొట్టం ఒకటి ఉంటుంది. పెట్రోలు అయిపోతే లివర్ తిప్పి ఆ చివరి కాస్త వాడుకోవడానికి. ఆ గొట్టంలో తుప్పు అడ్డుపడి ఒక గుక్కెడు పెట్రోలు నిలిచిపోయింది. ఎండ తగిలినప్పుడల్లా అది ఆవిరి విడుస్తోంది. ముక్కున్నవాడైతే సోమవారమే కనిపెట్టేవాడు.

"నువ్వు పొయ్యి భోంచేసి రాండి సార్" అన్నాడు ఏబెల్. కంగారులో నువ్వూ మీరూ కలిసిపోయాయి. బాలచంద్ర అతని మొహం చూసి వెళ్లిపోయాడు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు.

"నీకు వాసన రాలేదా?" అని అడిగాడు ఏబెల్.

స్టెల్లా కొంగుతో ఫ్లాస్కు తుడుస్తోంది.

"మేయ్... నిన్నే, స్టెల్లా. ఈ పొద్దు రాలేదా? జలుబు చేసిందా?"

"లేదు."

"మరి?"

"ఏ పొద్దూ రాలేదబ్బా" అంది స్టెల్లా. ఫ్లాస్కుని బల్ల మీద పెట్టింది. "ఆ జొరంలో పోయింది. మళ్లా రాలేదు."

బయట ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. ఏబెల్ కాలిన అరచేతుల్ని నీళ్ల బకెట్లో పెట్టి అలాగే కూర్చున్నాడు.

"కాఫీ పొడి గుమ్మన్నదంటివే."

"నువ్వు గోడవైపు తిరిగి పండుకోనుంటివి. అన్నం ముట్టవు. ఏమి చెప్పేది?"

"నాలుగేండ్లు."

"లెక్కేసి చెప్పేదాన్ని. మోటారు సైకిలుకు నువ్వు మామూలుగా రెండు దినాలు పెట్టేవానివి, నేను మూడు చెప్పినాను. కారుకు మూడంటే నాలుగు చెప్పినాను. మబ్బుంటే ఇంగొకటి కలిపేదాన్ని. దీనికి గూడా నాలుగు దినాలు అయింది. మబ్బు దినం ఒకటి కలపాల్సింది, నిజమే. ఆయన ఎత్తుకోని పోతానన్నాడు. నీ మొగం చూస్తిని."

"అయితే ఈ నాలుగేండ్లూ మనిద్దరికీ ముక్కు ఎవరిది మే?"

"దేవునిదే" అంది స్టెల్లా. నవ్వించడానికి అనలేదు, కాని మాట ముగిసేసరికి ఇద్దరికీ నవ్వులాంటిది వచ్చి పోయింది.

ఏబెల్‌కి ఒక్కొక్క ట్యాంకే గుర్తొచ్చింది. స్కూల్ వ్యానుది. పాస్టరుగారి స్కూటరుది. పక్క పంచర్ల కొట్టువాడి పిల్లకాయలు షెడ్డులో దాగుడుమూతలాడుతుంటే మాటేసిన అంబాసిడర్‌ది. ఆ రోజు వాళ్లలో ఒకడు ట్యాంకు వెనకే నక్కి కూర్చున్నాడు. అవన్నీ స్టెల్లా వేళ్ల మీద లెక్క తప్పకపోవడం వల్ల పేలలేదు, అంతే. నిరుడు కుప్పమ్మ కేకలేసుకుంటూ వీళ్లింటికి పరుగెత్తుకొచ్చి, గ్యాస్ కంపు వీధంతా కొడుతుంటే మొగుడూ పెళ్లాం సుఖంగా కూర్చున్నారేమని తిట్టి సిలిండర్ కట్టేసింది. అప్పుడు స్టెల్లా, ఇప్పుడే లేస్తా ఉంటిని అంది. తనేమో నమ్మాడు.

"నేను పోయుంటే పోనీ మే. ఆ పిల్లోడు పోయుంటే?"

"తెలుసు" అంది స్టెల్లా. "రాత్రుల్లో నాకు అదే. పొద్దున నువ్వు చొక్కా ఏసుకోని షెడ్డుకు పొయ్యేది చూస్తే మళ్లా చెప్పలేకపోయేదాన్ని."

ఏబెల్ లేచాడు. రిజర్వు గొట్టంలో సన్నటి తీగ దూర్చి తుప్పు తీశాడు. ఆ గుక్కెడూ బయట పడింది. మళ్లీ కడిగాడు, మళ్లీ ఎండకి పెట్టాడు. సాయంత్రం నాలుగు దాకా అక్కడే కూర్చున్నాడు. ఇప్పుడు పోయుండాలి. ఖాయంగా పోయుండాలి. ఎవరిని అడగాలి? చివరికి కుప్పమ్మని పిలిచాడు.

"అక్కా, దీంట్లో రవంత వాసన చూడు. పెట్రోలు వస్తా ఉండాదా?"

కుప్పమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగింది. "వస్తాది. యాల రాదు? పెట్రోలు ట్యాంకులో పెట్రోలు కంపు రాకుంటే సాంబారు కంపు వస్తాదా?"

"అది గాదక్కా. రేకుకు పట్టిన పాత కంపా, లోపల్నించి లేసే ఆవిరా?"

"నువ్వు ఆవిరి పట్టేవానివి, నన్ను అడుగుతావే" అంది కుప్పమ్మ. తర్వాత ఆగి, అతని వైపూ, గుమ్మంలో నిలబడ్డ స్టెల్లా వైపూ చూసింది. "నిరుడు గ్యాస్ కంపు కొట్టిన పొద్దు గూడా..." అని మొదలుపెట్టి మానేసింది. "నేనెవరికీ చెప్పను లేప్పా" అంది. కుప్పమ్మ ఎవరికీ చెప్పనంటే రేణిగుంట జంక్షన్ దాకా గంటలో తెలిసిపోతుందని రోడ్డు రోడ్డంతటికీ తెలుసు.

ఐదింటికి బాలచంద్ర తిరిగొచ్చాడు. ఏబెల్ అతనికి ఉన్నదున్నట్టు చెప్పాడు. నాలుగేళ్ల సంగతీ చెప్పాడు. బాలచంద్ర కోపంగా వచ్చినవాడు, వింటూ వింటూ కుర్చీలో కూర్చున్నాడు.

"దానికి మిషన్లుంటాయి ఏబెలూ. చిన్న డబ్బా. ఆవిరుంటే కీచుమంటాది. ఫోన్లో చూస్తే దొరుకుతాది. నేనే తెప్పిస్తా."

"తెప్పిస్తారు సార్. అది కీచుమనకుండా ఉంటే నేను కడ్డీ ఎత్తాల గదా." ఏబెల్ తన కుడిచేయి ముందుకి చాపి చూపించాడు. అరచేయి బొబ్బలెక్కి ఉంది. బొబ్బల సంగతి వేరు, చేయి వణుకుతోంది. "మద్దేనం నుంచి ఇట్లనే ఉండాది. ఇంత ముందర ఎప్పుడూ లేదు. ముక్కు పోయినప్పుడు గూడా లేదు."

"నా ముక్కుకు నేను పూచీ. ఇప్పుడు చూసి చెప్తా, నువ్వు మాటెయ్యి."

"మీకు మద్దేనం గుప్పున కొట్టింది. అంత ఉంటే ఎవరికైనా తెలుస్తాది. పేలేకి అంత అక్కర్లేదు సార్. నిప్పు చూపించేటప్పుడు మీరు ఆ బల్లకు ఈపక్క నిలబడతారా?"

బాలచంద్ర ఆలోచించాడు. నిజాయితీపరుడు కాబట్టి కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు.

ట్యాంకుని ఆటోలో ఎక్కించారు. మద్రాసులో ఎవరో పాతదాని కొలతలు చూసి కొత్త ట్యాంకే చేసిస్తారట, నెల పడుతుందట. ఊరేగింపు కుదరదు. కారు ఎప్పుడు ఎత్తుకెళ్లేదీ బాలచంద్ర చెప్పలేదు. ఏబెల్ ఆటో పక్కన నిలబడి చెప్పాల్సినవి చెప్పాడు: ట్యాంకు నోరు తెరిచే ఉంచమన్నాడు, డ్రైవరుని బీడీ ముట్టించొద్దన్నాడు, కొత్తదానికి గొట్టం ఎత్తి దించి అడుగున బయటికి వదలమని ఆ మద్రాసువాళ్లకి మరీ మరీ చెప్పమన్నాడు. పూజ మానక్కర్లేదు, మూతకి మాత్రం బొట్టు వద్దు. బాలచంద్ర తలూపాడు. అతని కళ్లు ఫోన్ మీద ఉన్నాయి. ఊరేగింపువాళ్లకి కబురు పెడుతున్నాడు. ఆటో కదిలి పది గజాలు వెళ్లాక డ్రైవరు ఏదో గొణిగాడు. బాలచంద్ర వెనక్కి వంగి, కంపు రాకుండా మూత తీసుకుని ట్యాంకుకి గట్టిగా బిగించడం ఏబెల్‌కి కనిపించింది. కేక వేశాడు. లారీల రొదలో ఆ కేక కుప్పమ్మ బండి కూడా దాటలేదు.

శనివారం అతను షెడ్డు తెరిచాడు. ఎందుకు తెరిచాడో తెలియదు. పొద్దునే చొక్కా వేసుకుని నడిస్తే కాళ్లు అక్కడికే తీసుకొచ్చాయి. హెరాల్డ్ డిక్కీ తెరుచుకుని వాకిట్లోనే ఉంది. పనిముట్లు బల్ల మీద వరసగా పెట్టాడు. మళ్లీ పెట్టెలో సర్దాడు. స్టెల్లా ఫ్లాస్కు లేకుండా వచ్చి, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"పంచర్లు నేర్చుకుంటే?" అంది కాసేపటికి. "దానికి ముక్కు అక్కర్లేదు."

"పక్కనే ఒకడున్నాడు. వాని నోటికాడ కూడు తీసేదా?"

"వాచ్‌మన్ పని? రేణిగుంటలో గోడౌన్లు శానా ఉండాయి."

"పొగ లేస్తే వాసన పట్టలేని వాచ్‌మన్ను ఎవరు పెట్టుకుంటారు మే."

 ఆ రోజుకి స్టెల్లా దగ్గరున్న ఉపాయాలు ఆ రెండే.

పదింటికి ఒక మనిషి పాత స్కూటర్ తోసుకుంటూ వచ్చాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఏర్పేడు నుంచి వస్తున్నానన్నాడు. దారిలో నలుగురిని అడిగితే నలుగురూ ఈ షెడ్డే చెప్పారట.

"ట్యాంకు కారతా ఉండాదన్నా. రవంత మాటెయ్యాల."

"ట్యాంకులు చెయ్యం" అన్నాడు ఏబెల్. ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదటిసారి. గట్టిగా అన్నాడనుకున్నాడు. ఆ మనిషికి వినబడలేదు.

"ఏమన్నా?"

"ట్యాంకులు చెయ్యడం లేదప్పా. మానేసినాను."

"మరి ఇంకెవరు చేస్తారు?"

ఏబెల్ ఆలోచించాడు. గంటలో చేసిచ్చే చిత్తూరువాడు గుర్తొచ్చాడు. "తెలీదు" అన్నాడు.

ఆ మనిషి కొంచెం సేపు ఎండలో నిలబడి, స్కూటర్ తిప్పుకుని, వచ్చిన దారినే తోసుకుంటూ వెళ్లాడు. నల్లటి తారు మీద అతని వెనక పెట్రోలు చుక్కలు చుక్కలుగా పడి, ఒక్క క్షణం మెరిసి, ఎండకి ఆవిరైపోతున్నాయి. ఏబెల్ గుమ్మంలో నిలబడి ఆ మెరుపుని చూశాడు. చూడటం వరకే.